డిసెంబరులో స్విట్జర్లాండ్ వెళ్తున్నారా? చివర్లో కంగారు పడకుండా ఏ పని ఎప్పుడు చేసుకోవాలి

ఇంటిల్లిపాదికీ ఒకేసారి సెలవు దొరకడం, దానికి సరిపడా డబ్బు కూడడం ఏ నాలుగైదేళ్లకో జరిగే పని. అలా కుదిరిన ప్రయాణం చాలాసార్లు కాగితాల దగ్గరే చెడుతుంది. పిల్లాడి పాస్‌పోర్టు గడువు దాటిపోయి ఉంటుంది, టికెట్‌లో ఇంటిపేరు ఒకలా పాస్‌పోర్టులో ఒకలా ఉంటుంది, వీసా స్లాటు డిసెంబరు 20కి గానీ దొరకదు. ఇవన్నీ ముందుగా చూసుకుంటే తేలిగ్గా తీరేవే. ఆఖరి పది రోజుల్లో బయటపడితే మాత్రం ఎంత డబ్బు పోసినా తీరవు. కాబట్టి ఏం చేయాలో తెలియడం ఎంత అవసరమో, ఏది ముందు ఏది వెనక అన్న వరస కూడా అంతే అవసరం.

లెక్క కోసం ఒక కుటుంబాన్ని అనుకుందాం. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, నానమ్మ. డిసెంబరు 22న శంషాబాద్‌లో విమానం ఎక్కి జ్యూరిక్, ఇంటర్లాకెన్, లూసెర్న్ చూసి జనవరి 1న తిరిగొస్తారు. సంక్రాంతి సెలవులకు వెళ్లేవాళ్లు కింద చెప్పిన గడువులకు మూడు వారాలు కలుపుకోండి.

ఆగస్టు: పాస్‌పోర్టులన్నీ బల్ల మీద పెట్టండి

బీరువాలో ఉన్నాయిలే అని వదిలేయకుండా ఒక్కోటీ తెరిచి చూడండి. షెంగెన్ (స్విట్జర్లాండ్‌తో సహా ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల గుంపు) నిబంధన ప్రకారం, అక్కడి నుంచి మీరు బయటికొచ్చే తేదీ తర్వాత కనీసం 3 నెలలు గడువుండాలి, కనీసం 2 ఖాళీ పేజీలుండాలి. దారిలో దిగే దేశం, ఎక్కే ఎయిర్‌లైన్స్ 6 నెలలు అడిగే అవకాశం ఉంది కాబట్టి 6 నెలలనే లెక్కలో పెట్టుకోండి. పెద్దవాళ్ల పాస్‌పోర్టు 10 ఏళ్లకు ఇస్తారు, పిల్లలది 5 ఏళ్లకే. అందరివీ ఒకేసారి తీసుకున్న ఇళ్లలో 'మనందరివీ 2030 దాకా ఉన్నాయి' అన్న ధీమాలో పిల్లలవి ఎప్పుడు ముగిశాయో ఎవరూ చూడరు.

తడిసి ఉబ్బిన పాస్‌పోర్టు, లామినేషన్ లేచిన పాస్‌పోర్టు, పిల్లలు పెన్నుతో గీసిన పాస్‌పోర్టు పాడైన వాటి కింద లెక్కే. గడువున్నా సరే, కొత్తది తీసుకోండి. ఆగస్టులో అయితే మామూలు దరఖాస్తు సరిపోతుంది. అక్టోబరుకు చేరితే తత్కాల్‌కు వెళ్లాలి, దానికి అదనంగా 2,000 రూపాయలు.

ఇక పేర్లు. తెలుగువాళ్లకు అన్నిటికంటే ఎక్కువ చిక్కులు తెచ్చేది ఇదే కాబట్టి కాస్త నిదానంగా చూడండి. మన ఆధార్‌లో 'కె. వి. ఎల్. నరసింహారావు' అని ఉంటుంది, బ్యాంకులో 'నరసింహారావు కె' అని ఉంటుంది, పాస్‌పోర్టులో ఇంటిపేరు దగ్గర 'కొల్లిపర', పేరు దగ్గర 'వెంకట లక్ష్మీ నరసింహారావు' అని ఉంటుంది. విమానం టికెట్‌కు, వీసా దరఖాస్తుకు, ఇన్సూరెన్సుకు పాస్‌పోర్టులో ఉన్నదే ప్రమాణం. ఇంటిపేరు లాస్ట్ నేమ్ గడిలో, మిగతాదంతా ఫస్ట్ నేమ్ గడిలో, అక్షరం తేడా లేకుండా. టికెట్‌లో పేర్ల మధ్య ఖాళీలు పోయి అన్నీ కలిసిపోయినా, బోర్డింగ్ పాస్ మీద చివర తెగిపోయినా గాబరా పడక్కర్లేదు, అది వాళ్ల యంత్రం తీరు. ఇంటిపేరు, పేరు తారుమారైతే, ఒక అక్షరం మారితే మాత్రం అదే రోజు ఫోన్ చేసి దిద్దించుకోండి. ఏజెంటు ద్వారా కొంటే, డబ్బు కట్టే ముందు పేర్లను వాట్సాప్‌లో టైపు చేసి కాకుండా పాస్‌పోర్టు ఫొటోనే పంపి, అది చూసే టైపు చేయమనండి.

పాత పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి మొత్తం పేరు ఒకేచోట రాసినవి మన ఇళ్లలో చాలా ఉన్నాయి, ముఖ్యంగా పెద్దవాళ్లవి. దాంతో టికెట్ కొనేటప్పుడు లాస్ట్ నేమ్ గడిలో ఏం రాయాలన్నది ఒక్కో ఎయిర్‌లైన్స్‌కు ఒక్కోలా ఉంటుంది. ముందు వాళ్లనే అడిగి రాయండి. దారిలో దుబాయ్‌లో రెండ్రోజులు దిగాలనుకుంటే ఇంకా జాగ్రత్త: 2022 నవంబరు నుంచి యూఏఈ ఒకే పేరున్న పాస్‌పోర్టుల విషయంలో గట్టిగా ఉంది. నానమ్మ పాస్‌పోర్టు అలా ఉంటే, ఇంటిపేరు విడదీసి కొత్తది తీసుకోవడానికి ఆగస్టే సరైన నెల.

పెళ్లయినా పాస్‌పోర్టులో పుట్టింటి పేరే ఉన్న ఆడవాళ్లు దాన్ని మార్చుకోవాల్సిన పనేం లేదు. మ్యారేజ్ సర్టిఫికెట్ జతచేస్తే చాలు. మార్చుకోవాలని ఉంటే తిరిగొచ్చాక మార్చుకోండి.

సెప్టెంబరు, అక్టోబరు: వీసా

షెంగెన్ వీసాకు ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి. అంటే డిసెంబరు 22 ప్రయాణానికి జూన్ 22 నుంచి డిసెంబరు 7 దాకా. కాగితం మీద డిసెంబరు 7 అని ఉంది కదా అని నవంబరు దాకా ఆగకండి. నిర్ణయానికి మామూలుగా 15 రోజులంటారు, అనుమానం వస్తే 45 రోజులదాకా తీసుకోవచ్చు. క్రిస్మస్ రద్దీకి స్లాట్లు కూడా ముందే నిండిపోతాయి. అక్టోబరు మొదటి వారంలో వీసా కేంద్రంలో కాగితాలు, వేలిముద్రలు ఇచ్చేలా చూసుకుంటే, 45 రోజులు పట్టినా నవంబరు మూడో వారానికి పాస్‌పోర్టు చేతిలో ఉంటుంది. ఆ మధ్యలో పాస్‌పోర్టు మీ దగ్గర ఉండదు, ఆఫీసు పని మీద వేరే దేశం వెళ్లాల్సిన పని పెట్టుకోకండి.

ఫీజు పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలకు 45, ఆరేళ్లలోపు వాళ్లకు లేదు. వీసా కేంద్రం సర్వీసు ఛార్జీ దీనికి అదనం. 12 ఏళ్లలోపు పిల్లలకు వేలిముద్రలు అక్కర్లేదు. ఫొటో 35 × 45 మిల్లీమీటర్లు ఉండాలి, వెనక తెలుపు. ఫొటో స్టూడియోలో అడిగితేనే షెంగెన్ సైజు ఇస్తారు, అడక్కపోతే మామూలు పాస్‌పోర్టు సైజు చేతిలో పెడతారు.

ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. పారిస్‌లో 3 రాత్రులు, స్విట్జర్లాండ్‌లో 6 రాత్రులు అయితే స్విట్జర్లాండ్‌కే. ఫలానా దేశానికి స్లాటు తొందరగా దొరుకుతోందని ఏజెంటు చెప్పినా, ప్లాను మార్చి రాయించకండి. హోటల్ బుకింగులు ఒకటి చెప్పి దరఖాస్తు మరొకటి చెబితే తిరస్కరించడానికి అదే కారణమవుతుంది.

బ్యాంకు స్టేట్‌మెంట్ దగ్గర మనవాళ్లు చేసే పని ఒకటుంది: దరఖాస్తుకు వారం ముందు బంధువుల దగ్గర 5 లక్షలు తెచ్చి ఖాతాలో వేయడం. స్టేట్‌మెంట్ చూసేవాళ్లకు ముందుగా కనపడేది అదే. స్విట్జర్లాండ్ మనిషికి రోజుకు సుమారు 100 స్విస్ ఫ్రాంకులు ఖర్చుకు చూపమంటుంది. ఆ మేరకు డబ్బు, జీతంగానో వ్యాపారంలోనో వచ్చింది, నెలనెలా ఖాతాలో కనిపిస్తే చాలు. ఎఫ్‌డీలు ఉంటే వాటి రసీదులు జతచేయండి. ఎకరం అమ్మిన డబ్బో, చిట్టీ పాడిన డబ్బో నిజంగానే ఈ మధ్య ఖాతాలో పడి ఉంటే, ఆ దస్తావేజు నకలు పెట్టి కవరింగ్ లెటర్‌లో రెండు వాక్యాల్లో చెప్పండి.

మిగతా కాగితాలు: బ్యాంకు ముద్ర ఉన్న స్టేట్‌మెంట్లు, పే స్లిప్పులు, ఐటీ రిటర్నులు, ఆఫీసు నుంచి సెలవు లెటర్, పిల్లలకు బర్త్ సర్టిఫికెట్, స్కూలు లెటర్. తల్లిదండ్రుల్లో ఒకరే వెళ్తుంటే రెండోవారి అంగీకార పత్రం నోటరీ చేయించాలి. నానమ్మ ఖర్చు కొడుకు పెట్టుకుంటుంటే, అలా రాసి సంతకం చేసిన లెటర్, ఆమె కొడుకే అని చూపే కాగితం కావాలి. కొడుకు పాస్‌పోర్టు చివరి పేజీలో ఉండే తల్లి పేరు, ఆమె పాస్‌పోర్టులోని పేరు ఒకేలా ఉన్నాయో లేదో ఇక్కడ సరిచూసుకోండి.

ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు ఉండాలి, షెంగెన్ దేశాలన్నిటికీ వర్తించాలి. జనవరి 1న తిరిగొస్తుంటే పాలసీ జనవరి 5 దాకా తీసుకోండి. మంచుకు విమానం రద్దయితే ఆ నాలుగు రోజులే ఆదుకుంటాయి. వీసాకు సరిపోయే చవక పాలసీ, మీకు నిజంగా పనికొచ్చే పాలసీ ఒకటి కావు. నానమ్మ బీపీ, షుగర్‌లకు సంబంధించిన అత్యవసర వైద్యం ఇస్తుందా? పిల్లలు స్కీయింగ్ చేస్తే వర్తిస్తుందా? జ్వరం వచ్చి ప్రయాణం మానుకుంటే టికెట్ డబ్బులొస్తాయా? కొనే ముందే ఈ మూడూ పాలసీ కాగితంలో చదివి చూడండి. ఏజెంటు నోటిమాట మీద ఆధారపడకండి.

టికెట్లు: వీసాకు ముందు ఎంత కట్టాలి?

తిరిగిరాని డబ్బు వీసా వచ్చేదాకా కట్టకండి. ఈ ఒక్కమాట దగ్గర మాత్రం ఎవరు ఎంత తొందరపెట్టినా మెత్తబడకండి. వీసాకు రిజర్వేషన్ చూపిస్తే చాలు. కాన్సిల్ చేస్తే డబ్బు వెనక్కొచ్చే టికెట్టో, ఎయిర్‌లైన్స్ కొద్దిరోజులు ఆపి ఉంచే బుకింగో తీసుకోండి. ఎయిర్‌లైన్స్ సైటులో పీఎన్ఆర్ కొడితే కనపడని 'డమ్మీ టికెట్' మాత్రం వద్దు. హోటళ్లు ఉచితంగా కాన్సిల్ చేసుకునేవే బుక్ చేసి, వీసా చేతికొచ్చేదాకా అలాగే ఉంచండి. మధ్యలో రద్దు చేస్తే, వీసా అధికారులు హోటల్‌కు ఫోన్ చేసిన రోజున మీ బుకింగ్ అక్కడ ఉండదు.

దారి ఎంచుకునేటప్పుడు చలికాలాన్ని గుర్తుపెట్టుకోండి. డిసెంబరు చివర నుంచి జనవరి మధ్య దాకా ఢిల్లీలో అర్ధరాత్రి నుంచి పొద్దెక్కేదాకా దట్టమైన పొగమంచు పడుతుంది. హైదరాబాద్ నుంచి తెల్లవారుజామున ఢిల్లీ చేరి, అక్కడ రెండు గంటల్లో యూరప్ విమానం ఎక్కే టికెట్ ఆ రోజుల్లో జూదం. అవి రెండు వేర్వేరు పీఎన్ఆర్‌లైతే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోయినా ఎవరికీ బాధ్యత ఉండదు, కొత్త టికెట్ మీరే కొనుక్కోవాలి. దోహా, దుబాయ్, అబుదాబి మీదుగా ఒకే పీఎన్ఆర్‌తో వెళ్లడం ఆ రోజుల్లో మేలు. ఢిల్లీయే తప్పదనుకుంటే ముందురోజు మధ్యాహ్నానికే చేరి రాత్రి అక్కడ ఉండండి.

ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వెళ్తే షెంగెన్ ఇమిగ్రేషన్ అక్కడే జరుగుతుంది. 2025 అక్టోబరు నుంచి సరిహద్దులో వేలిముద్రలు, ఫొటో తీసుకునే కొత్త విధానం మొదలైంది, క్యూలు పొడుగ్గా ఉంటున్నాయి. గంటన్నర కనెక్షన్ పెట్టుకోవద్దు, మూడు గంటలైనా ఉండాలి. లండన్ మీదుగా చవగ్గా దొరికితే ఆగి ఆలోచించండి: షెంగెన్ టూరిస్టు వీసా ఉన్నా, అక్కడ విమానం మారడానికి భారత పాస్‌పోర్టుకు యూకే ట్రాన్సిట్ వీసా వేరేగా కావాలి. అమెరికా లాంటి కొన్ని దేశాల వీసా ఉన్నవాళ్లకే మినహాయింపు.

వీసా రాగానే అక్కడే నిలబడి చూడాల్సినవి

స్టిక్కర్ మీద పేరు, పాస్‌పోర్టు నంబరు, మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ, ఎన్ని రోజులు ఉండొచ్చు, ఎన్నిసార్లు వెళ్లొచ్చు. ఐదుగురివీ విడివిడిగా చూడండి, ఒకరికి తప్పు పడినా అందరి ప్రయాణమూ ఆగుతుంది. రోజుల లెక్కలో దిగిన రోజు, బయల్దేరిన రోజు రెండూ కలుస్తాయి. డిసెంబరు 23న దిగి 31న బయల్దేరితే అది 9 రోజులు, 8 కాదు.

డబ్బు, ఫోను

స్విట్జర్లాండ్‌లో నడిచేది స్విస్ ఫ్రాంకు. ఫారెక్స్ కార్డులో (విదేశీ డబ్బు ముందే నింపుకునే కార్డు) ఫ్రాంకులే నింపించుకోండి. యూరోలు నింపితే గీసిన ప్రతిసారీ మార్పిడి ఛార్జీ పడుతుంది. చేతిఖర్చుకు 200 ఫ్రాంకులు చిన్న నోట్లుగా చాలు. శంషాబాద్ కౌంటర్ దాకా ఆగకుండా ఊళ్లోనే మార్చుకోండి. మన డెబిట్, క్రెడిట్ కార్డులకు విదేశీ వాడకం మొదట ఆపి ఉంటుంది, బ్యాంకు యాప్‌లో మీరే తెరవాలి. అక్కడ కార్డు గీసినప్పుడు మెషిన్ 'రూపాయల్లోనా, ఫ్రాంకుల్లోనా' అని అడిగితే ఫ్రాంకులే నొక్కండి. రూపాయలంటే వాళ్లు చెప్పిన రేటుకు ఒప్పుకున్నట్టే. టూర్ ప్యాకేజీ కొంటే పట్టుకునే టీసీఎస్ (అమ్మేవాళ్లు ముందే వసూలు చేసే పన్ను) మీ పాన్ మీద జమవుతుంది, రిటర్ను వేసేటప్పుడు సర్దుబాటు చేసుకోవచ్చు, రసీదు పారేయకండి.

యూరప్ ఈ-సిమ్ కొనేముందు దేశాల జాబితాలో స్విట్జర్లాండ్ ఉందో లేదో చూడండి. అది ఐరోపా యూనియన్‌లో లేదు, అందుకే కొన్ని ప్లాన్లలో ఉండదు. మీ ఇక్కడి సిమ్‌కు మాత్రం తిరిగొచ్చేదాకా రీఛార్జి, రోమింగ్ ఉండేలా చూసుకోండి, బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి.

నవంబరు: బట్టలు, బూట్లు

డిసెంబరులో జ్యూరిక్, లూసెర్న్‌లలో పగలు సున్నాకు కాస్త అటూఇటుగా ఉంటుంది. 3,454 మీటర్ల ఎత్తున్న యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ అనే మంచుకొండ కనుమ మీద మైనస్ 10, అంతకంటే కిందకు దిగడం మామూలే. ఒకే మందపాటి స్వెటర్ కంటే మూడు పొరలు నయం: ఒంటికి అంటుకునే థర్మల్, దాని మీద ఫ్లీస్, పైన గాలీ నీళ్లూ లోపలికి రానివ్వని జాకెట్. లోపల కాటన్ బనియన్ వేయొద్దు. చెమటను పీల్చి తడిగా ఉంచుకుంటుంది, ఆగి నిలబడగానే ఆ తడే వణికిస్తుంది. నానమ్మ చీర కట్టుకుంటానంటే లోపల థర్మల్ ప్యాంటు, పైన మోకాళ్లు దాటే పొడవు కోటు, కాళ్లకు బూట్లు. కుచ్చిళ్లు నేలను తాకకుండా కాస్త ఎత్తి కట్టాలి, మంచులో తడిసిన అంచు బరువెక్కి కాళ్లకు అడ్డం పడుతుంది.

ఎప్పుడో అమెరికా నుంచి తెచ్చి అలమారాలో దాచిన బూట్లుంటే ఇప్పుడే తీసి వేసుకుని అరగంట నడవండి. వాటి అడుగున ఉండే పాలీయురెథేన్ పొర మన ఉక్కకు, తేమకు ఏళ్లు గడిచేకొద్దీ లోలోపల కుళ్లిపోతుంది. పైకి కొత్తవాటిలా మెరుస్తుంటాయి, బొటనవేలితో సోలు పక్కన గట్టిగా నొక్కితే పొడిపొడిగా రాలుతుంది. అలాంటివి ఎయిర్‌పోర్టులోనే అడుగు ఊడి చేతికొస్తాయి. విజయవాడ, విశాఖ లాంటి చోట్ల ఇది ఇంకా ఎక్కువ. పాత సూట్‌కేసుల చక్రాలదీ ఇదే కథ, ఒకసారి నిండుగా సర్ది వీధిలో లాగి చూడండి.

కొత్త బూట్లు సాయంత్రం పూట, మందపాటి మేజోళ్లు వేసుకుని కొనండి. వేళ్లు లోపల కదలాలి. రెండు జతల మేజోళ్లు బిగించి వేస్తే రక్తం ఆడక కాళ్లు ఇంకా చల్లబడతాయి, మందంగా ఉన్న ఒక్క జత చాలు. కనీసం వారం రోజులు ఇంటి చుట్టూ వాటితోనే నడవండి, పుండ్లు పడితే ఇక్కడే పడాలి.

మందులు, ఒంట్లో బాగు

ఫ్లూ టీకా వేయించుకుంటే శరీరానికి రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది, కాబట్టి నవంబరులోనే వేయించుకోండి. చివరి వారంలో పెళ్లిళ్లు, ఫంక్షన్లు తగ్గించుకోండి. ముక్కు దిబ్బడతో విమానం ఎక్కితే దిగేటప్పుడు చెవులు విపరీతంగా నొప్పెడతాయి, డాక్టర్‌ను అడిగి మందు దగ్గర పెట్టుకోండి. గుండెజబ్బు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లు యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ టికెట్ కొనకముందే డాక్టర్‌ను కలవాలి, అక్కడ ఆక్సిజన్ తక్కువ.

మందులన్నీ చేతి బ్యాగులోనే, అసలు స్ట్రిప్పులతో, జెనరిక్ (కంపెనీ పేరు కాకుండా మందు అసలు) పేర్లు రాసిన ప్రిస్క్రిప్షన్‌తో. ఒక నెలకు మించి తీసుకెళ్లకండి. ఇన్సులిన్ చెక్-ఇన్ సూట్‌కేసులో పెడితే గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఒకసారి గడ్డకట్టాక కరిగినా పనికిరాదు. మంచుకొండ మీదకు వెళ్లినప్పుడు కూడా దాన్ని జాకెట్ లోపలి జేబులో పెట్టుకోవాలి, ఫోను కూడా అక్కడే, చలికి బ్యాటరీ గబగబా దిగిపోతుంది.

సూట్‌కేసులో ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు

బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలను స్విట్జర్లాండ్ రానివ్వదు. కోడి పచ్చడి, మటన్ పచ్చడి, నెయ్యి డబ్బా, పాలకోవా ఇంట్లోనే వదిలేయండి. పచ్చి కరివేపాకు, పచ్చిమిర్చి కూడా అంతే, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం అడుగుతారు. ఆవకాయ, గోంగూర పచ్చడి, కందిపొడి పట్టుకెళ్లొచ్చు, అయితే చెక్-ఇన్‌లోనే. చేతి బ్యాగులో కారం, పచ్చడి కనపడితే సెక్యూరిటీలో తీసేస్తారు. ఎండుకొబ్బరి చిప్పలు రెండింట్లోనూ వద్దు, నూనె వల్ల తనంతట తానే వేడెక్కి అంటుకునే సరుకుల జాబితాలో ఉంది.

పచ్చడి సీసాను అంచుదాకా నింపకుండా ఒక అంగుళం వదలండి. మూత చుట్టూ టేపు చుట్టి, రెండు జిప్ కవర్లలో పెట్టి, తువ్వాలు చుట్టి సూట్‌కేసు నడిమధ్యలో ఉంచండి. కొబ్బరినూనె 24 డిగ్రీల కిందికి వస్తే గడ్డకడుతుంది, సన్నమూతి సీసాలోంచి అక్కడ చుక్క రాదు. వెడల్పు మూతి డబ్బాలో పోసుకెళ్లండి.

పవర్ బ్యాంకులు చేతి బ్యాగులోనే ఉండాలి. 100 వాట్-అవర్ల లోపు అయితే ఇబ్బంది లేదు, 20,000 ఎంఏహెచ్‌ది 74 వాట్-అవర్లే. మన సన్నని రెండు పిన్నుల ఛార్జర్ స్విస్ సాకెట్‌లో పడుతుంది, మూడు పిన్నులది పడదు. రైస్ కుక్కర్ తీసుకెళ్తే స్విస్ అడాప్టర్ కావాలి, వోల్టేజి మాత్రం మనలాగే 230.

ఒక్కొక్కరి బట్టలు ఒక్కో సూట్‌కేసులో సర్దకండి. ప్రతి సూట్‌కేసులో అందరివీ రెండేసి జతలు పెట్టండి, జాకెట్, ఒక జత థర్మల్స్ చేతి బ్యాగులో. అప్పుడు ఒక సూట్‌కేసు రాకపోయినా ఎవరూ చలిలో నిలబడరు.

ఇల్లు, చివరి రోజు

పాలు, పేపరు ఆపండి. గ్యాస్ రెగ్యులేటర్ తీసేయండి, మోటారు స్విచ్ కట్టేయండి, ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి ఇంట్లోకి వచ్చే వాల్వు బిగించండి. ఊళ్లో లేరని తెలిసేలా ఎయిర్‌పోర్టు ఫొటోలు స్టేటస్‌లో పెట్టకండి. ఆంధ్రప్రదేశ్‌లో తాళం వేసిన ఇళ్ల మీద కెమెరా నిఘా కోసం పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ సేవ ఉంది, తెలంగాణలో మీ పోలీస్ స్టేషన్‌లో చెప్పి వెళ్లండి.

శంషాబాద్‌కు నాలుగు గంటల ముందు చేరండి. విజయవాడ నుంచి కారులో వచ్చేవాళ్లు అదే రోజు రాకుండా ముందు రాత్రికే హైదరాబాద్‌లో ఉండటం మేలు. కౌంటర్‌లో సూట్‌కేసుకు కట్టిన ట్యాగ్ మీద జ్యూరిక్ కోడ్ ఉందో లేదో చూసి, రసీదును ఫొటో తీసుకోండి. దోహా కోడ్ ఉంటే అక్కడే అడిగి మార్పించాలి. పాస్‌పోర్టు, వీసా, ఇన్సూరెన్స్, హోటల్ బుకింగులు, తిరుగు టికెట్ కాగితం మీద ఒక ఫైలులో పెట్టుకోండి, సరిహద్దులో అధికారి అడిగితే ఛార్జింగ్ అయిపోయిన ఫోను పనికిరాదు.

అక్కడ ఆదివారాలు, డిసెంబరు 25న దుకాణాలు మూసేస్తారు, చాలాచోట్ల 26న కూడా. 23న దిగగానే, విశ్రాంతి తీసుకునే ముందే పాలు, పెరుగు, బియ్యం, పిల్లలకు తినడానికి కావాల్సినవి మూడు రోజులకు కొనేసుకోండి. మర్చిపోతే జ్యూరిక్ ఎయిర్‌పోర్టులో, జ్యూరిక్ పెద్ద రైల్వే స్టేషన్‌లో ఉన్న సూపర్ మార్కెట్లు సెలవుల్లోనూ తెరిచి ఉంటాయి.